టోల్టెక్‌లు నిజంగా ఉన్నారా? వాళ్ల గురించి ఎవరి మాట నమ్మాలి?

మీరు మూడు విషయాలు అడిగారు. 'టోల్టెక్ జ్ఞానం' పేరుతో ఉన్న ఒక సెల్ఫ్ హెల్ప్ పుస్తకం చదివారు. ఆ టోల్టెక్‌లు మెక్సికోలో నిజంగా ఉన్నారా, లేక స్పానిష్ వాళ్లు రాకముందు అక్కడ రాజ్యమేలిన ఆజ్టెక్‌లు అల్లుకున్న కథా అన్నది మొదటిది. వాళ్లూ హిస్పానిక్ ప్రజలూ ఒకటేనా, వాళ్ల చరిత్రంతా స్పానిష్ వాళ్లు రాసిందేనా అన్నది రెండోది. ఎమ్మే హిస్టరీ అయ్యాక దీని మీదే పరిశోధన చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది మూడోది. మొదటి రెండూ తేలితేగానీ మూడోదానికి జవాబు చెప్పలేం, అందుకని దాన్ని చివర్లో చెప్తాను.

నేను హైదరాబాద్‌లో స్పానిష్ నేర్చుకుని, తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మెక్సికోలో స్పానిష్ పాలన నాటి రాతప్రతుల మీద పని చేస్తూ వచ్చాను. టోల్టెక్‌ల నగరమని చెప్పే తూలాకి నాలుగుసార్లు వెళ్లాను. కాబట్టి చూసినదీ చదివినదీ కలిపి చెప్తాను.

మెక్సికో సిటీకి ఉత్తరాన, బస్సులో రెండు గంటల లోపు దూరంలో, హిడాల్గో రాష్ట్రంలో తూలా అనే ఊరుంది. ఊరి పక్కనే గుట్ట మీద పాత నగరం శిథిలాలు ఉన్నాయి. సుమారుగా క్రీ.శ. 900 నుంచి 1150 దాకా అది పెద్ద నగరం. అక్కడి ఒక పిరమిడ్ పైన నాలుగు రాతి యోధులు నిలబడి ఉంటారు. ఒక్కొక్కరి ఎత్తు 4.6 మీటర్లు. ఒకే రాయి కాదు, నాలుగు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చినవి. ఛాతీ మీద సీతాకోకచిలుక ఆకారంలో కవచం, చేతిలో ఈటె విసిరే సాధనం. ఒకప్పుడు ఇవి గుడి పైకప్పును మోసిన స్తంభాలు. తవ్వకాల్లో దొరికినప్పుడు మాత్రం నిలబడి లేవు, పిరమిడ్‌లోనే తవ్విన ఒక కందకంలో ముక్కలుగా పడి ఉన్నాయి. పక్కనున్న పెద్ద భవనంలో మంటలు రేగిన ఆనవాళ్లు స్పష్టంగా ఉన్నాయి, అందుకే దాన్ని 'కాలిపోయిన రాజభవనం' అంటారు. ఈ నగరం ఉంది, దాన్ని కట్టిన మనుషులు ఉన్నారు. దాని మీద ఎవరికీ సందేహం లేదు.

చిక్కంతా ఆ మనుషుల్ని 'టోల్టెక్‌లు' అని పిలిచినప్పుడు మొదలవుతుంది. ఆ మాట వాళ్లు తమను తాము పిలుచుకున్న పేరో కాదో చెప్పే రాత ఒక్కటీ వాళ్లు వదిలి వెళ్లలేదు. మనకు తెలిసిన 'టోల్టెక్' నావాట్ల్ భాషలో, అంటే ఆజ్టెక్‌ల భాషలో, తర్వాతి కాలపు మనుషులు వాడిన మాట. టోల్లాన్ అంటే తుంగ, రెల్లు పెరిగే చోటు. టోల్టెకాట్ల్ అంటే ఆ చోటికి చెందినవాడు. కాలక్రమంలో ఆ మాటకు పనితనం ఉన్నవాడు, చేయి తిరిగిన కళాకారుడు అన్న అర్థం వచ్చింది. టోల్టెకాయోట్ల్ అంటే ఆ పనితనం, ఆ నాగరికత మొత్తం. మన వైపు విశ్వకర్మ అన్న పేరు ఒక్కటే దేవుడికీ, కులానికీ, పనితనానికీ చెల్లినట్టే ఇదీ. ఒక పాత గ్రంథంలో 'టోల్టెక్' అని కనబడగానే అది జాతి పేరా, ఊరి పేరా, పొగడ్తా అని ఆగి చూసుకోవాలి. మా రంగంలో వందేళ్ల గొడవలు సగం ఇలా ఆగి చూడకపోవడం వల్ల వచ్చినవే.

ఇప్పుడు అలాంటి ఒక గ్రంథం ఏమంటుందో చూడండి. 16వ శతాబ్దంలో తయారైన ఫ్లోరెంటైన్ కోడెక్స్‌లో, పన్నెండు భాగాల చేతిరాత పుస్తకమది, టోల్లాన్ గురించి వర్ణన ఉంది. అక్కడ మొక్కజొన్న కంకులు చేతులతో కౌగిలించుకోవాల్సినంత లావట. పత్తి పొలంలోనే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో కాసేదట, అద్దకం పనే లేదట. తోటకూర జాతి మొక్కలు చెట్లంత పెరిగితే జనం వాటి మీదికి ఎక్కేవారట. రంగురంగుల కకావో, అంటే చాక్లెట్ చేసే గింజలు, కాసేదట. నేను మొదటిసారి తూలాలో నిలబడి చుట్టూ చూసినప్పుడు నాకు కనిపించింది పొడి నేల, నాగజెముడు, కలబంద లాంటి మాగే మొక్కలు. ఆ ఊరు సముద్ర మట్టానికి సుమారు 2000 మీటర్ల ఎత్తున ఉంది. కకావో చెట్టుకు వేడి, తేమ ఉన్న పల్లపు నేల కావాలి. ఆ ఎత్తులో అది బతకనే బతకదు.

అంటే వర్ణన అబద్ధమా? ఆ మాట నేను అనను. ఆజ్టెక్‌లకు టోల్లాన్ అంటే మనకు రామరాజ్యం లాంటిది. అన్నీ సమృద్ధిగా ఉన్న, పోయిన కాలం. ఆ వర్ణన వెయ్యో సంవత్సరపు తూలా గురించి మనకు చెప్పేది తక్కువ. 1500 ప్రాంతంలో నావా ప్రజలు, అంటే ఆజ్టెక్‌లతో సహా నావాట్ల్ మాట్లాడేవాళ్లు, 'మంచి నగరం ఎలా ఉండాలి' అనుకున్నారో మాత్రం చాలా చెప్తుంది. తూలా మనుషులు పల్లపు నేలల కకావోను తెప్పించుకుని ఉండవచ్చు. గ్వాటెమాలా వైపు పసిఫిక్ తీరంలో తయారైన, సీసంలా మెరిసే కుండలు తూలాలో దొరికాయి కాబట్టి అంత దూరపు వ్యాపారం ఉందని మనకు తెలుసు. కుండ పెంకు ఒక రకం సాక్ష్యం, పాత పాట ఇంకో రకం సాక్ష్యం. రెంటినీ కలగలిపేస్తేనే ప్రమాదం.

ఇక మీరు 'అదంతా స్పానిష్ వాళ్లు రాసిందే కదా' అన్నారు. ఇక్కడ నేను మీతో గట్టిగా విభేదిస్తాను, ఎందుకంటే ఈ పొరపాటు వల్ల కొందరు పండితుల పేర్లు నాలుగు వందల ఏళ్లుగా మరుగున పడ్డాయి. ఫ్లోరెంటైన్ కోడెక్స్ పేరు చెప్పగానే అందరూ బెర్నార్దినో దె సహగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసిని తలుస్తారు. ఆయన 1529లో మెక్సికో వచ్చాడు. ఆ పని మొదలుపెట్టించింది, దశాబ్దాల పాటు నడిపించింది ఆయనే, సందేహం లేదు. కానీ నావాట్ల్ పాఠాన్ని కూర్చినవాళ్లు ఆంతోనియో వలేరియానో, అలోన్సో వెహెరానో, మార్తిన్ హకోబీతా, పెద్రో దె సాన్ బ్వేనవెంతూరా వంటి నావా పండితులు. 1536లో ట్లాటెలోల్కోలో పెట్టిన కళాశాలలో లాటిన్, స్పానిష్ చదువుకుని, తమ నావాట్ల్‌తో కలిపి మూడు భాషల్లో ఆరితేరినవాళ్లు. ఊళ్ల పెద్దల్ని కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది విని, రాసి, బొమ్మలు వేయించారు. రెండు వేలకు పైగా బొమ్మలున్నాయి. 1576లో ఘోరమైన అంటురోగం వచ్చి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోతుంటే, ఆ కళాశాల గోడల మధ్య కూర్చుని ఈ పని చేశారు. మరుసటి ఏడాది, 1577లో, స్థానికుల ఆచారాల మీద ఇలాంటి రాతలు వద్దని, ఉన్నవి స్వాధీనం చేసుకోమని స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఆజ్ఞ వచ్చింది. ఆ ప్రతి చివరికి ఇటలీలోని ఫ్లోరెన్స్ చేరింది కాబట్టే ఆ పేరు. ఆ పేజీలు చూసినప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది, చుట్టూ చావులు జరుగుతుంటే తమ తాతల మాటలు రాసి పెట్టిన ఆ నలుగురే.

అలాగని నావా పండితులు చెప్పింది కూడా సూటిగా తీసుకోవడానికి లేదు. అదే పుస్తకంలో ఒక విషయం ఉంది: ఆజ్టెక్ రాజు ఇట్స్‌కోవాట్ల్ కాలంలో, అంటే 15వ శతాబ్దం మొదటి సగంలో, పాత చరిత్ర పుస్తకాల్ని తగలబెట్టించారు. సామాన్యులకు అవన్నీ తెలియనక్కర్లేదని, వాటిలో అబద్ధాలున్నాయని కారణం చెప్పారు. స్పానిష్ సన్యాసులు పుస్తకాలు కాల్చారని అందరికీ తెలుసు, కానీ అంతకు నూరేళ్ల ముందే ఆజ్టెక్‌లూ కాల్చారు. ఎందుకంటే వాళ్లు మెక్సికో లోయకు ఆలస్యంగా వచ్చినవాళ్లు, పేదవాళ్లు. ఆ లోయలోనే ఉన్న కుల్వకాన్ అనే పాత నగరపు రాజవంశం టోల్టెక్ రక్తం తమదని చెప్పుకునేది. ఆ వంశంతో సంబంధం ఉన్న అకమాపిచ్ట్లిని తెచ్చుకుని తమ మొదటి రాజుగా చేసుకున్నారు. ఆ తర్వాత తూలాకి వెళ్లి పాత శిల్పాలు తవ్వి తెచ్చుకున్నారు. తమ రాజధాని మధ్యలో, మహాలయం పక్కన, తూలా భవనాల్లో ఉన్నలాంటి రాతి అరుగులు చెక్కించుకున్నారు. రాజ్యం వచ్చాక సూర్యవంశమో చంద్రవంశమో వెతుక్కోవడం మన శాసనాలు చదివినవాళ్లకు కొత్తేమీ కాదు.

తేదీల సంగతి ఇంకో తలనొప్పి. నావాట్ల్ గ్రంథాల్లో సంవత్సరాలకు మన ప్రభవ, విభవల లాగా పేర్లుంటాయి. మనవి 60, వాళ్లవి 52. నాలుగు పేర్లు, పదమూడు అంకెలు కలిపి తిప్పితే 52 వస్తాయి. ప్రభవ నామ సంవత్సరంలో ఒకాయన పుట్టాడని మాత్రమే రాసి ఉంటే అది 1987నా, 1927నా, 1867నా? మన శాసనాల్లో పక్కన శక సంవత్సరం ఉంటుంది కాబట్టి బతికిపోయాం. వాళ్లకు ఆ సౌకర్యం లేదు. తూలా రాజుగా చెప్పే టోపిల్ట్సిన్ కెట్సల్‌కోవాట్ల్ పుట్టింది, పోయింది కూడా 'సె అకాట్ల్', అంటే 'ఒకటి రెల్లు' అనే సంవత్సరంలో. 843, 895, 947, 999 అన్నీ సె అకాట్ల్ సంవత్సరాలే. ఏ పుస్తకంలో ఏ తేదీ కనబడినా, ఆ పండితుడు ఏ చక్రాన్ని ఎంచుకున్నాడో ముందు చూడండి. 1519 కూడా అదే పేరున్న సంవత్సరం, ఆజ్టెక్‌లను జయించిన స్పానిష్ సేనాని కోర్టెస్ ఓడ దిగిన సంవత్సరం. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఆధునిక పండితుల కథ క్లుప్తంగా చెప్తాను. 1880లో దెసిరె షార్నే అనే ఫ్రెంచ్ యాత్రికుడు తూలాలో తవ్వాడు. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, యుకతాన్‌లోని మాయా నగరం చిచెన్ ఇట్సాలో ఉన్న స్తంభాలు, సర్ప శిల్పాలు తూలావాటిని పోలి ఉన్నాయని గుర్తించాడు. అది గొప్ప పరిశీలన. కానీ ఆయన అక్కడితో ఆగకుండా ఆ ప్రాంతపు నాగరికత అంతా టోల్టెక్‌ల పుణ్యమే అన్నాడు. ఏడేళ్లకు అమెరికన్ పండితుడు డేనియల్ బ్రింటన్ దానికి పూర్తిగా ఎదురు వైపుకి వెళ్లి, టోల్టెక్‌లు జాతే కాదు, అది సూర్యుడి చుట్టూ అల్లిన పురాణం, తూలా ఒక చిన్న ఊరు మాత్రమే అని రాశాడు. 'అదంతా కల్పన' అన్న వాదనకు మూలం ఇదే. ఆ తర్వాత చాలామంది, అసలు టోల్లాన్ అంటే పిరమిడ్ల మహానగరం తెయోతివకాన్ అయి ఉంటుందని నమ్మారు.

ఆ ముడి కొంతవరకు విప్పింది 1941లో మెక్సికో సిటీలో జరిగిన పండితుల సమావేశం. హోర్హె అకోస్తా అంతకు ముందు ఏడాదే తూలాలో తవ్వకాలు మొదలుపెట్టాడు. విగ్బెర్తో హిమెనెస్ మొరెనో గ్రంథాలన్నీ ముందేసుకుని, టోల్లాన్ చుట్టుపక్కల ఉన్నాయని అవి చెప్పిన కొండలు, ఊళ్ల పేర్లు ఒక్కొక్కటిగా ఏరాడు. అవి తూలా చుట్టూ ఇప్పటికీ ఉన్నాయి. గ్రంథాల్లో నగరం పూర్తి పేరు టోల్లాన్ షికోకోటిట్లాన్. తూలా దగ్గర షికుకో అనే కొండ ఈనాటికీ ఉంది, శిథిలాల్లో నిలబడితే కనిపిస్తుంది. ఇది నాకు చాలా ఇష్టమైన వాదన. తవ్వకాల కంటే ముందు ఊరి పేర్లు వినాలని నాకు నేర్పింది అదే. సమావేశం తూలాయే టోల్లాన్ అని తేల్చింది. అకోస్తా దాదాపు ఇరవై ఏళ్ల పాటు అక్కడే తవ్వాడు.

అయినా తెయోతివకాన్ వాదన చావలేదు, చావాల్సిన అవసరమూ లేదు. చోలూలా నగరాన్ని గ్రంథాల్లో 'టోల్లాన్ చొలోల్లాన్' అన్నారు. టోల్లాన్ అన్నది ఒకే ఊరి పేరు కాదు, జనం రెల్లు పొదల్లా కిక్కిరిసి ఉండే ఏ మహానగరానికైనా ఇచ్చే బిరుదు అని చాలామంది ఇప్పుడు అంటున్నారు. నా అభిప్రాయమూ అదే. తెయోతివకాన్, చోలూలా, తూలా అన్నీ ఒక్కో కాలంలో టోల్లాన్‌లే. చిచెన్ ఇట్సా విషయంలోనూ ఇలాగే జరిగింది. తూలా సైన్యం వెళ్లి మాయా నగరాన్ని జయించిందని ఆల్‌ఫ్రెడ్ టోజర్ 1957లో రాస్తే, ఎక్కువమంది అదే నమ్మారు. 1961లో జార్జ్ కుబ్లర్ దాన్ని తిరగేసి, శైలి చిచెన్ నుంచే తూలాకి వెళ్లి ఉండవచ్చన్నాడు. తర్వాతి కాలంలో చిచెన్ భవనాల తేదీలు వెనక్కి జరిగేకొద్దీ పాత దండయాత్ర కథ నిలబడలేదు. వ్యాపారంతో, రాజులు పంచుకున్న మతచిహ్నాలతో కలిసిన రెండు నగరాలు అన్నదే ఇప్పుడు ఎక్కువమంది మాట.

రెండో ప్రశ్న. టోల్టెక్‌లు హిస్పానిక్ కాదు. తూలా పడిపోయి మూడు వందల ఏళ్లు దాటాకే మొదటి స్పానిష్ ఓడ ఆ తీరానికి వచ్చింది. హిస్పానిక్ అన్న మాట రోమన్లు స్పెయిన్‌కి పెట్టిన హిస్పానియా అన్న పేరు నుంచి వచ్చింది. అమెరికా జనాభా లెక్కల ఫారంలో అది టిక్కు పెట్టే గడిగా మారింది 1970ల తర్వాతే. కానీ ఈ రెండు లోకాలూ ఒకే మనిషిలో కలిసిన సందర్భాలున్నాయి, టోల్టెక్ చరిత్ర మనదాకా వచ్చింది వాళ్ల ద్వారానే. ఫెర్నాందో దె ఆల్వా ఇష్ట్లిల్‌షోచిట్ల్‌ని తీసుకోండి. 1578 ప్రాంతంలో పుట్టాడు. తాతలు, అమ్మమ్మ, నానమ్మల్లో ముగ్గురు స్పానిష్ వాళ్లు. అమ్మమ్మ మాత్రం టెష్కోకో అనే నావా రాజ్యపు రాజవంశపు ఆడపడుచు. ఆయన ఎంచుకున్న పేరు ఆమె వైపుది. పాత చిత్రలిపి పత్రాలు సేకరించి, పెద్దల్ని అడిగి, స్పానిష్‌లో టోల్టెక్ రాజుల వరస, యుద్ధాలు, లక్షల్లో చచ్చిపోయిన మనుషుల లెక్కలు రాశాడు. సంఖ్యలు నమ్మలేం. పైగా ఆయన కుటుంబం తెయోతివకాన్ దగ్గరి భూముల హక్కుల కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్న కాలమది. మా వంశం ఎంత పాతదో చూడండి అని అధికారులకు చెప్పుకోవాల్సిన అవసరం ఆయనకు ఉంది. అది తప్పని నేననను. భూమి పోతుంటే ఎవరైనా తాతల కాగితాలే బయటికి తీస్తారు. కానీ చదివేటప్పుడు ఆ కోర్టు వాసన మరిచిపోకూడదు.

ఆయన చేతిరాత ప్రతుల కథ వింటే కడుపు తరుక్కుపోతుంది. ఆయన కొడుకు వాటిని సిగ్వెన్సా ఇ గొంగోరా అనే పండితుడికి ఇచ్చాడు, ఆయన తర్వాత జెసూట్ కళాశాలకు చేరాయి. 1827లో లండన్ బైబిల్ సొసైటీ ప్రతినిధి ఒకరు, బైబిళ్లకు బదులుగా మూడు సంపుటాలు తీసుకుని వెళ్లారు. దాదాపు 190 ఏళ్లు అవి ఇంగ్లండ్‌లో ఉండిపోయాయి. వేలానికి వెళ్లబోతుంటే మెక్సికో ప్రభుత్వం కొని 2014లో ఇంటికి తెచ్చుకుంది.

ఇక కోర్టెస్. దేవుడిగా కూడా కొలిచే కెట్సల్‌కోవాట్ల్ తూర్పుకి వెళ్లిపోయాడని, తిరిగి వస్తాడని ఆజ్టెక్‌లు ఎదురు చూశారని, సె అకాట్ల్ సంవత్సరంలో గడ్డం ఉన్న కోర్టెస్ దిగగానే దేవుడనుకుని లొంగిపోయారని మీరూ చదివే ఉంటారు. దయచేసి దాన్ని మీ థీసిస్‌లోకి రానివ్వకండి. కోర్టెస్ తన రాజుకు రాసిన ఉత్తరాల్లో కెట్సల్‌కోవాట్ల్ అన్న పేరే లేదు. ఎప్పుడో వెళ్లిపోయిన ఒక ప్రభువు గురించి అప్పటి ఆజ్టెక్ రాజు మోక్తెసూమా మాట్లాడాడని రాశాడంతే, అదీ ఆ నేల స్పెయిన్ రాజుకు చెందుతుందని నిరూపించుకోవాల్సిన అవసరంలో. దేవుడి కథ గట్టిపడింది ఆక్రమణ జరిగిన కొన్ని దశాబ్దాల తర్వాత. సూసన్ గిల్లెస్పీ, మాథ్యూ రెస్టాల్, కమిలా టౌన్‌సెండ్ వంటి చరిత్రకారులు గత ముప్పై నలభై ఏళ్లలో దీన్ని పొర పొరగా విప్పి చూపించారు. ఓడిన తరం పిల్లలకు 'మా పెద్దలు ఎందుకు ఓడారు' అన్న ప్రశ్నకు జవాబు కావాలి, గెలిచినవాళ్లకు దైవసమ్మతం కావాలి. ఇద్దరికీ ఒకే కథ పనికొచ్చింది.

మీరు చదివిన సెల్ఫ్ హెల్ప్ పుస్తకం మీకు మేలు చేసి ఉంటే మంచిదే. కానీ అందులోని సూత్రాలు 16వ శతాబ్దపు గ్రంథాల్లో టోల్టెక్‌ల పేరుతో ఎక్కడా లేవు. గ్రంథాల్లో ఉన్నది వేరు, నా మటుకు అంతకన్నా అందమైనది. మంచి టోల్టెకాట్ల్ ఎవరంటే: నేర్చినవాడు, ఓపికగలవాడు, తన గుండెతో మాట్లాడుకుంటూ పని చేసేవాడు. చెడ్డవాడు తోచినట్టు పని కానిచ్చి, జనాన్ని మోసం చేసేవాడు. ఇది ఒక కుమ్మరికో, ఈకలతో బొమ్మలు చేసే కళాకారుడికో చెప్పిన మాట.

చివరిది, మీ పరిశోధన. ముందు స్పానిష్ నేర్చుకోండి. హైదరాబాద్ ఇఫ్లూలో, ఢిల్లీ జేఎన్‌యూలో ఉంది. మంచి పరిశోధనలో పెద్ద భాగం ఇప్పటికీ స్పానిష్‌లోనే వస్తోంది, ఇంగ్లీషు అనువాదాల మీద ఆధారపడితే సగమే తెలుస్తుంది. రెండేళ్లయ్యాక నావాట్ల్ మొదలుపెట్టండి. అది చచ్చిపోయిన భాష కాదు. 2020 జనాభా లెక్కల ప్రకారం మెక్సికోలో 16 లక్షల మందికి పైగా మాట్లాడుతున్నారు. మీరు రోజూ కూరలో వేసే టమాటా కూడా టొమాట్ల్ అన్న వాళ్ల మాటే, స్పానిష్ మీదుగా మనకు వచ్చింది. క్రియాపదానికి ముందూ వెనకా ముక్కలు అతికిస్తూ పోయే భాష, ఆ అతుకుల పద్ధతి ఇంగ్లీషు వాళ్లకు అనిపించినంత కొత్తగా తెలుగువాళ్లకు అనిపించదు.

'టోల్టెక్ నాగరికత' అని పెద్ద టాపిక్ పెట్టుకోకండి, మునిగిపోతారు. ఫ్లోరెంటైన్ కోడెక్స్ మొత్తం 2023 నుంచి గెట్టీ సంస్థ వెబ్‌సైట్‌లో బొమ్మలతో సహా ఉచితంగా ఉంది. పదో భాగం 29వ అధ్యాయం తెరవండి, టోల్టెక్‌ల గురించి ఉన్నది అక్కడే. పేజీలో రెండు వరసలుంటాయి. కుడివైపు నావాట్ల్, ఎడమవైపు స్పానిష్. స్పానిష్ వరస అనువాదమే అనుకుంటారు, కానీ చాలా చోట్ల పొట్టిగా ఉంటుంది, మిగిలిన ఖాళీని బొమ్మలతో నింపారు. ఒక నోట్‌బుక్ తీసుకుని, నావాట్ల్‌లో ఉండి స్పానిష్‌లో లేని వాక్యాలు మాత్రం రాసుకుంటూ పోండి. మొదట్లో ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకున్నా ఫరవాలేదు. ఆ ఒక్క అధ్యాయం పూర్తయ్యేసరికి మీ చేతిలో ఏముందో నాకు రాయండి, టాపిక్ అప్పుడు మాట్లాడుకుందాం.